మూకీల్లో మావయ్య గారి గొంతు

"నానమ్మా, ముత్తాత మూవీస్ తీసేవారా? డాడీని అడిగితే డీటెయిల్స్ నీకే తెలుసన్నాడు. రికార్డ్ చేస్తున్నా, చెప్పవా?"

ఆన్ చేసేశావా అప్పుడే? వీడియో కాదుగా? హమ్మయ్య, జుట్టు కూడా దువ్వుకోలేదు. ఆ హీటర్ కాస్త తగ్గించు, దాని హోరులో నా మాట నాకే వినపడి చావట్లేదు.

ఆఁ, తీశారమ్మా. మా మావయ్య గారు, అంటే మీ తాతయ్య వాళ్ళ నాన్న, దేవసహాయం గారు. మూకీలు తీశారు. మూకీలంటే బొమ్మ ఆడుతుంది గానీ మాట వినపడదు. మద్రాసులో ఏడు తీశారు. కాదు కాదు, ఒకటి సగంలో ఆగిపోయిందన్నారు, ఆరే. నేను కోడలిగా వెళ్ళేసరికి అదంతా ఎప్పటి మాటో. గుంటూరు మిషన్ స్కూల్లో డ్రాయింగు మాస్టారుగా చేసి రిటైరై ఉన్నారు. ఈయన సినిమాలు తీశాడంటే ఎవరు నమ్ముతారు? నోరు తెరిస్తేగా అసలు! వందనాలండీ అంటే తల ఊపటం, ఉప్పు కావాలంటే వేలు చూపించటం, అంతే. మా అత్తయ్య గారు, రత్నమ్మ గారు, నవ్వేవారు. "మీ మావయ్య గారు ఉన్న మాటలన్నీ మద్రాసులోనే ఖర్చు పెట్టేసి వచ్చారమ్మా" అనేవారు. అది ఎకసెక్కం అనుకున్నా నేను. నిజమేనని తర్వాతెప్పుడో గదా తెలిసింది.

మేం ఈ దేశం వచ్చింది నా ఉద్యోగం మీద. నర్సులకి అప్పట్లో ఇట్టే వీసాలిచ్చేవాళ్ళు. నేను ముందొచ్చా, మీ తాతయ్య నా వెనకాల డిపెండెంటుగా వచ్చారు. ఆ మాట అంటే ఆయనకి ఒళ్ళు మండేది, ఆ ముక్క కట్ చేసెయ్ నువ్వు. ఎడిసన్‌లో ఇల్లు తీసుకున్నాం. ఓక్ ట్రీ రోడ్డులో ఇప్పుడున్న కొట్లు అప్పుడేవీ? కరివేపాకు కావాలంటే న్యూయార్క్ పోవాలి. పోదామంటే పెట్రోలుకి క్యూలు. ఒక రోజు సరి నంబరు కార్లకి, ఒక రోజు బేసి నంబరు కార్లకి పోసేవాళ్ళు. ఆ ఏడాదే అత్తయ్య గారు గుంటూరులో పోయారు. ఒక్కరే ఎట్లా ఉంటారని మావయ్య గారిని ఇక్కడికి తెచ్చుకున్నాం.

ఏం చేసేవారంటావా? టీవీ చూసేవారు, సౌండ్ పూర్తిగా తీసేసి! మీ డాడీ చిన్నవాడు, "తాతయ్యా, వాల్యూం!" అని గోల పెట్టేవాడు. ఒకసారి ఎందుకండీ అట్లా అంటే, "వీళ్ళకి దేవుడు మొహాలిచ్చాడమ్మా, పని మాత్రం నోటితో చేస్తున్నారు" అన్నారు. అంత పొడుగు మాట ఆయన నోట వినటం అదే మొదలు.

తర్వాత కళ్ళ సంగతి వచ్చింది. కంట్లో ప్రెషర్. మా హాస్పిటల్లో డాక్టరుకే చూపించా. డ్రాప్స్ రాశాడు గానీ, పోయిన చూపు రాదు, ఉన్నది కూడా మెల్లగా పోతుంది, ఆశ పెట్టుకోవద్దన్నాడు. కార్లో తిరిగొస్తూ నాకు ఏడుపాగలేదు. ఈయనేమో, "ఏడవమాకమ్మా. నేను చూడాలనుకున్నది ఎట్లాగూ ఈ లోకంలో లేదు" అన్నారు.

ఏంటండీ అది అంటే అప్పుడు చెప్పారు. రోజూ కాస్త కాస్త, ఆ చలికాలమంతా చెప్పారు. నేను డ్యూటీ నుంచి వచ్చి టీ పెడితే, వంటింటి బల్ల దగ్గర కూచుని.

మూకీ తీసేటప్పుడు సౌండు లేదు గదా. అందుకని కెమెరా తిప్పుతున్నంతసేపూ డైరెక్టరు పక్కనే నిలబడి మాట్లాడుతూనే ఉండేవాడంట. "తల దించు, ఇప్పుడు ఉత్తరం అందింది, నమ్మలేకపోతున్నావు, కళ్ళెత్తు, మెల్లగా, ఆఁ, ఇప్పుడు ఏడుపు" అని. వాళ్ళు ఆ గొంతు పట్టుకుని నటించేవాళ్ళు. మన బొమ్మలో గొంతొక్కటే ఉండదు, మిగతాదంతా ఆ గొంతేనమ్మా అన్నారు.

మరి టాకీలు వచ్చినాయి. మైకులు వచ్చినాయి. ఇంకేముంది, డైరెక్టరు నోరు మూసుకోవాలి. ఈయన వల్ల కాలేదమ్మా. హీరోయిను పాట ఎత్తుకుంటుంది, ఈయన "ఆఁ, కళ్ళెత్తు" అంటాడు, అది కాస్తా ఫిల్ములో పడిపోతుంది. మళ్ళీ మొదటికి. నోటికి రుమాలు కట్టుకుని కూడా నిలబడ్డాడంట మహానుభావుడు. రుమాల్లోంచి మూలిగాడంట. స్టూడియో అంతా నవ్వు. సౌండు చూసే మనిషి ఆయన్ని చెయ్యి పట్టుకుని బయటికి తీసుకెళ్ళి, తలుపేసుకున్నాడు. అంతే, మళ్ళీ ఎవరూ పిలవలేదు. నలభై ఏళ్ళు కూడా లేవు మనిషికి. గుంటూరు తిరిగొచ్చి ఆ నోరు అట్లా మూశారు.

మరి ఆ సినిమాలేమైనాయండీ అన్నా. పాత ఫిల్ము కరిగించి ఆడవాళ్ళ గాజులు చేసేవాళ్ళంట. ఆరూ అట్లాగే అమ్మేశారు నిర్మాతలు. మద్రాసులో ఉన్నన్నాళ్ళు బస్సులో ఏ ఆడమనిషి చెయ్యి చూసినా, ఈమె చేతికి నా ఏ సీను ఉందోనని చూసేవాణ్ణి, తన్నులు తినకుండా బయటపడ్డా అన్నారు. నవ్వుతూనే చెప్పారు.

అప్పుడు అసలు సంగతి చెప్పారు. ఆఖరి మూకీలో హీరోయిను చెప్పాపెట్టకుండా మానేస్తే, కొత్తగా పెళ్ళయిన పెళ్ళాన్ని నిలబెట్టారంట. మా అత్తయ్య గార్ని! ఆదివారం తప్పకుండా గుడికొచ్చే రత్నమ్మ గార్ని! సముద్రం మీదికి పోయిన మొగుడి కోసం గట్టు మీద ఎదురుచూసే పల్లెకారమ్మాయి వేషం. ఆ కబురు ఊళ్ళో తెలిసి, చర్చి సంఘంలో వాళ్ళిద్దర్నీ బల్లకి రానివ్వలేదు. అంటే తెలుసుగా, రొట్టె, ద్రాక్షరసం ఇచ్చే కమ్యూనియన్ ఇవ్వలేదు. మళ్ళీ ఆ మాటే ఎత్తనని ఆమె పాస్టరు అయ్యగారి ముందు ఒప్పుకుంటే గానీ చేర్చుకోలేదు. అందుకే కొడుక్కి కూడా చెప్పలేదు ఇద్దరూ. పెళ్ళి ఫోటోని చెదలు తినేసినాయి. "ఎంత తలుచుకున్నా ముసలిదైనాక ఉన్న మొహమే వస్తోందమ్మా. వయసులో ఉన్న మొహం రావట్లేదు. ఈ కళ్ళు పోయేలోగా ఒక్కసారి చూస్తే చాలు" అన్నారు. ఎక్కడి నుంచి తేను నేను?

దేవుడు మేలు చేశాడు. మన తెలుగు చర్చి అప్పుడు ఒక అమెరికన్ చర్చి బేస్‌మెంటులో జరిగేది. పొద్దున వాళ్ళ ఆరాధన, మధ్యాహ్నం మనది. మన పులిహోర వాసనకి వాళ్ళ పాటలు పాడే కొయర్ వాళ్ళు కూడా దిగొచ్చేవాళ్ళనుకో. ఒక ఆదివారం పెన్సిల్వేనియా నుంచి మార్గరెట్ దొరసానమ్మ వచ్చింది. వాళ్ళ నాన్న మన గుంటూరు వైపు మిషనరీగా చేసి పోయిన దొర. ఆమె అక్కడే పుట్టింది, మనకన్నా మంచి తెలుగు మాట్లాడేది. మావయ్య గారి పేరు చెప్పగానే, "ఏ దేవసహాయం గారు? బొమ్మలు తీసిన దేవసహాయం గారా?" అన్నది. నా చేతిలో ప్లేటు కింద పడింది, నిజం.

వాళ్ళ నాన్న, ఇండియాలో జనం ఎట్లా బతుకుతారో ఇక్కడి చర్చీల్లో చూపించి చందాలు అడగటానికని, ఆయన ఆఖరి సినిమా చిన్న సైజు కాపీ వేయించుకుని తెచ్చుకున్నాడంట. ఇంట్లో పెట్టెలో ఉండిపోయింది. వెళ్ళి చూసింది పాపం. మిగతావన్నీ అంటుకుపోయి ముద్దయినాయి, ఒక్క రీలు మాత్రం ఆడుతుందని ఫోన్ చేసింది.

ఇంటి దగ్గర సంగతంతా చెబితే మీ తాతయ్య అగ్గి మీద గుగ్గిలం. అప్పుడాయన మన సంఘంలో పెద్ద. "మా అమ్మ సినిమాలో వేసిందా? అందరి ముందూ చర్చిలో ఆడిస్తారా దాన్ని? చచ్చిపోయినావిణ్ణి మళ్ళీ బల్ల దగ్గర్నుంచి లేపుతారా?" అన్నారు. ప్రొజెక్టరు ఉంది అక్కడే, పెద్ద తెర ఉంది అక్కడే, పెద్ద బొమ్మయితేనే మావయ్య గారికి ఆనేది. ఎంత చెప్పినా మీ తాతయ్య వినరే! మావయ్య గారు లేచి వెళ్ళి కిటికీ దగ్గర కూచున్నారు. నాకు ఎక్కడలేని కోపం వచ్చింది. "మీరు రాకపోతే మానెయ్యండి, నేను డ్రైవ్ చేసి తీసుకెళ్తా" అన్నా. మీ తాతయ్యతో అంత గట్టిగా మాట్లాడింది అప్పుడే అనుకో. కాదులే, ఇంకో రెండుసార్లు ఉంది.

ఆ ఆదివారం మీ తాతయ్యా వచ్చారు. కోటు విప్పకుండా, తలుపు దగ్గర నిలబడ్డారు, ఎప్పుడైనా వెళ్ళిపోతానన్నట్టు. ఆరాధన అయినాక దొరసానమ్మ రీలు ఎక్కించింది. మావయ్య గార్ని ముందు కుర్చీలో కూచోబెట్టి, పక్కన నేను కూచున్నా. లైట్లు తీశారు.

గీతలు పడిన బొమ్మ, వానలో చూసినట్టుంది. ఇసక. పడవలు. తర్వాత గట్టు మీద ఒక పిల్ల. ఎంత సన్నగా ఉందమ్మా! మీ డాడీ గడ్డం, అదే గడ్డం.

నా పక్కన గొంతు మొదలైంది. ముందు గొణుగుడే. "తల దించు… ఊఁ… కాలితో ఇసక తోయ్." తెర మీద ఆ పిల్ల తల దించింది, కాలితో ఇసక తోసింది. గొంతు పెరిగింది. "గాలొచ్చింది, కొంగు పట్టుకో. ఇప్పుడు సముద్రం చూడు. దూరంగా తెరచాప… కాదు, మనది కాదు… కూచో." పట్టుకుంది. చూసింది. కూచుంది. అన్నేళ్ళ నుంచీ ఎవరూ వినని గొంతమ్మా, కంచులాగా మోగింది! జనం గుసగుసలాడారు, పెద్దాయనకి మతి చలించిందన్నారు. సంఘ పెద్ద ఒకాయన వచ్చి భుజం మీద చెయ్యేసి, "అయ్యా, నెమ్మదించండి" అన్నాడు.

తలుపు దగ్గర్నుంచి మీ తాతయ్య అరిచారు. "చెయ్యి తియ్యండి! మా నాన్నని మాట్లాడనివ్వండి!"

ఆ పెద్ద చెయ్యి తీసేశాడు. మావయ్య గారికి అదంతా వినపడిందో లేదో. "మొగుడు ఇక రాడని తెలిసింది. ఏడుపు రావాలి, మెల్లగా… మెల్లగా… రత్నం!" అన్నారు.

ఆ పిల్ల గిరుక్కున తల తిప్పింది. తిన్నగా ఆయన్నే చూసింది. ఏడవాల్సింది, నవ్వింది. పళ్ళు కనపడేట్టు నవ్వి, నాలిక్కరుచుకుని, కొంగు అడ్డం పెట్టుకుంది. అక్కడితో రీలు అయిపోయి తెరంతా తెల్లబడింది.

దొరసానమ్మ అన్నది, ఇక్కడి చర్చీల్లో అందరూ అడిగేవాళ్ళంట, మొగుడు పోతే ఈమె నవ్వుతుందేంటని. అప్పుడు చెప్పారు మావయ్య గారు. "వేషం పేరు పెట్టి పిలవాలమ్మా. పొరపాటున దాని సొంత పేరు పెట్టి పిలిచాను. అట్లా చూసింది. ఆ ముక్క కోసెయ్యమన్నారు అందరూ. నాకు మనసొప్పలేదు."

మీ తాతయ్య వచ్చి ఆయన కాళ్ళ దగ్గర నేల మీద కూచున్నారు, ఆ కోటుతోనే. చిన్నపిల్లాడిలా ఏడ్చారు. నేనేమో, "మావయ్య గారూ, మళ్ళీ వెయ్యమంటారా?" అన్నా. చూపు పోతోంది గదా, ఉండగానే ఇంకోసారి చూసుకుంటారని.

"ఎందుకమ్మా, నన్ను చూసింది గదా" అన్నారు.

చూపు పూర్తిగా పోయినాక కూడా మూడు నాలుగేళ్ళు బతికారు. మాట్లాడుతూనే ఉండేవారు, ఆపితే గదా! మీ తాతయ్య పక్కన కూచుని వినేవారు… ఏయ్, ఏడుస్తున్నావా? పిచ్చిదానా. ఆపెయ్ ఇక ఆ ఫోను. ఇట్లా రా. నువ్వు పేరు పెట్టి పిలిస్తే చేస్తున్న పని మర్చిపోయి అట్లా తిరిగి చూసే మనిషి నీకు దొరకాలమ్మా. ప్రభువు నీకా భాగ్యం ఇవ్వాలి.