మొదటి స్టాపు దాటని డ్రైవరు

స్టాపులో సిటీ బస్సు ఆగి ఉంది. స్టీరింగు ముందు డ్రైవరు, తలుపు దగ్గర కండక్టరు. ఇద్దరూ బావాబావమరుదులు. ముందు సీట్లో, రోజూ ఈ బస్సే ఎక్కే రిటైరైన టీచరమ్మ.

"సున్నా చుక్కలురా, సున్నా. ఫోనులో ఆ బస్సు ఆట ఒక్కటంటే ఒక్కటి ఇవ్వలేదు. 'మీ ప్రయాణికులు మీపై ఆగ్రహంగా ఉన్నారు' అని ఎర్రక్షరాలతో రాసింది. కింద ఏడుపు మొహం బొమ్మొకటి."

"నీ బొమ్మా బావా?"

"నా బొమ్మెందుకేస్తుందిరా? నవ్వకు."

"నవ్వట్లేదు. దగ్గు."

"ఇన్నేళ్ళ నుంచి నిజం బస్సు నడుపుతున్నా. ఇంతవరకూ ఒక కోడిపిల్లని కూడా తొక్కినవాణ్ణి కాదు. అలాంటి నన్ను పట్టుకుని ఆ సెల్‌ఫోను బస్సు 'మళ్ళీ ప్రయత్నించండి' అంటుందా? దానికి నడపడం నేర్పినవాడెవడో వాణ్ణి పిలిపించు, మాట్లాడతా."

"ఆడలేక మద్దెల ఓడన్నట్టుంది నీ వరస. అసలు ఇంటికెళ్ళాక కూడా బస్సే ఏంటి బావా? స్వీట్లు చేసేవాడు ఇంటికెళ్ళి స్వీట్లు తింటాడా? వేరే ఆటేదైనా ఆడుకోవచ్చుగా."

"నువ్వేం ఆడుతున్నావేంటి?"

"నాది శవాల ఆట. చచ్చినవాళ్ళు లేచి గుంపులు గుంపులుగా మన ఇంటి మీదికొస్తారు. మనం గుమ్మంలో నిలబడి తుపాకీతో కాల్చాలి."

"అబ్బో. కాల్చావా?"

"కాలుద్దామనే నిలబడ్డా. ఈలోగా వచ్చేశారు. ఒకడి మీద ఒకడు, గుమ్మం నిండా. ఆ తోపులాట చూసేసరికి నా నోట్లోంచి ఏమొచ్చిందో తెలుసా? 'లోపలికి జరగండి, లోపలికి జరగండి, వెనకంతా ఖాళీ.'"

"ఓరి నీ..."

"నిజం బావా. చెయ్యి దానంతటదే తలుపు తీసే మీట నొక్కేసింది. అందర్నీ ఎక్కించా. అంటే, ఇంట్లోకి. హాలు నిండింది, వంటిల్లు నిండింది, మెట్ల మీద కూడా నిలబడ్డారు."

"మరి నిన్ను తినలేదా?"

"తిన్నారు. కానీ గొడవ లేకుండా తిన్నారు. ఒకరి తర్వాత ఒకరు."

"మీ అక్క అంటూనే ఉంటుంది, మా తమ్ముడు ఎక్కడున్నా నెగ్గుకొస్తాడని. వినండి టీచరమ్మా, ఎలా నెగ్గుకొచ్చాడో."

"విన్నాను నాయనా. నేనూ ఆడుతున్నాలే ఒకటి. రంగు గోళీల ఆట."

"మీరు కూడానా?"

"ఏం, రిటైరయ్యాక పొద్దుపోవద్దూ? ఒకే రంగు గోళీలు మూడు పక్కపక్కన చేరిస్తే ఢామ్మని పేలిపోతాయి. ఎన్ని పేల్చితే అన్ని మార్కులు. నాకు ఆ ఆట తీరే నచ్చలేదు."

"ఏమైందమ్మా?"

"బుద్ధిగా వరసలో నిలబడ్డవాటిని పేల్చేస్తుందయ్యా. వరస తప్పి అల్లరి చేసేవన్నీ హాయిగా మిగులుతాయి. జీవితమంతా పిల్లల్ని వరసలో నిలబెట్టినదాన్ని, ఇప్పుడు నా చేత్తో నేను పేల్చుకోనా? అందుకే మూడు కలవకుండా జాగ్రత్తగా సర్దుతున్నా. ఫోను మాటిమాటికీ 'ఓడిపోయారు' అంటోంది. అననీ."

"చూశావా బావా, టీచరమ్మ కూడా ఓడిపోతున్నారు. నువ్వు ఊరికే మనసు కష్టపెట్టుకోకు."

"ఆవిడకి రేపు పరీక్ష లేదు. నాకుంది."

"ఏం పరీక్ష నాయనా?"

"మీకు తెలీదా టీచరమ్మా? కొత్త బస్సులొచ్చాయిగా. వాటికి కండక్టరుండడు. ఎక్కగానే డబ్బాలో కార్డు చూపించడం, కూర్చోవడం. అంతా డ్రైవరే చూసుకోవాలి. మా డిపో సారు రేపు బావ పక్కన కూర్చుని చూస్తాడు. కండక్టరు లేకుండా బాగా నడిపాడా, కొత్త బండి బావది. నడపలేకపోయాడా, ఇదిగో, ఈ డొక్కు బండే."

"మరి నువ్వు?"

"బావ తప్పితే ఈ బండిలోనే, ఈ తలుపు దగ్గరే. పాసైతే నన్ను పోగొట్టుకున్న సామాన్ల గదిలో వేస్తారు. బస్సుల్లో జనం మర్చిపోయినవన్నీ అక్కడికొస్తాయి. గొడుగులు, ఒంటి చెప్పులు, కట్టుడు పళ్ళు."

"కట్టుడు పళ్ళు బస్సులో ఎలా పోతాయయ్యా?"

"మా బావ బ్రేకేస్తే ఎలాగైనా పోతాయమ్మా."

"ఒరేయ్."

"సరదాకన్నా బావా. నాకేం బెంగ లేదు. కూర్చునే ఉద్యోగం. నిలబడీ నిలబడీ మోకాళ్ళు అరిగిపోయాయి. గొడుగులు టిక్కెట్టుకి చిల్లరివ్వమని వేధించవు. నువ్వు మాత్రం పాసవ్వాల్సిందే. అక్క అప్పుడే వీధి వీధంతా చెప్పేసింది, మా ఆయనకి కొత్త బస్సొస్తోందని."

"మీ అక్కకేం, చెప్తుంది."

"అక్క సంగతి వదిలెయ్. నీకు లేదా ఆశ? మొన్న షెడ్డులో ఎవరూ లేరనుకుని దాని స్టీరింగు నిమిరావు. నేను చూశా."

"దుమ్ముంటే తుడిచా."

"దుమ్ము తుడిచేవాడు కళ్ళు మూసుకుంటాడా? సరే, అసలు విషయానికి రా. ఆ ఆటలో నువ్వు చేసే తప్పేంటో ఇప్పుడే తేల్చేద్దాం. రేపటికి పనికొస్తుంది. జనాన్ని బస్సు ఎక్కించిన దగ్గర్నుంచి మొదలుపెట్టు."

"బయల్దేరతా. చక్కగా నడుపుతా. ఎర్రదీపం దగ్గర ఆగుతా. ముసలాయన రోడ్డు దాటుతుంటే ఆగుతా. కుక్క దాటినా ఆగుతా."

"బాగుంది."

"మొదటి స్టాపొస్తుంది. గీత మీద గీతలా ఆపుతా. తలుపు తీస్తా. దిగేవాళ్ళు దిగుతారు, ఎక్కేవాళ్ళు ఎక్కుతారు. తలుపేస్తా."

"తర్వాత?"

"తర్వాతేముంది?"

"అదే అడుగుతున్నా. తలుపేశాక?"

"తలుపేశాక ఉంటా."

"ఉండడమేంటి?"

"ఉంటానురా. కూర్చుని ఉంటా. వెనకాల జనం గోల చేస్తుంటారు. వాళ్ళ నెత్తి మీద ఎర్రటి పొగలొస్తుంటాయి. టైము అయిపోతుంది. సున్నా చుక్కలు."

"కదలొచ్చుగా?"

"ఎలా కదలను?"

"గేరెయ్యి, కదులు. ఆ ఫోనులో పెడల్ లేదా?"

"పెడలుంది, గేరుంది, అన్నీ ఉన్నాయి."

"మరేంటి అడ్డం?"

"ఏమో. కాలు పడదు."

"నాయనా, నేనొక మాట అడగనా? ఎవరి కోసం ఆగి ఉంటున్నావు?"

"ఎవరి కోసమా టీచరమ్మా? అలవాటు కొద్దీ. ఎవరైనా చెప్తే కదా పోవడం."

"ఏం చెప్పాలి?"

"అదే... వెనక నుంచి వీడు అరుస్తాడు చూడండి."

"బావా."

"ఏంటి?"

"రైట్ అనలేదనా?"

"ఈ స్టీరింగుకి మళ్ళీ దుమ్ము పట్టింది."

"ఫోనులో బస్సు ఆపుకుని, వెనకాల నేను రైట్, రైట్ అంటానేమోనని కూర్చున్నావా నువ్వు?"

"నవ్వరా, నవ్వు. నీ టైము."

"దగ్గు బావా. ఆగు, ఊపిరాడట్లేదు. టీచరమ్మా, మీరూ నవ్వుతున్నారా?"

"లేదు నాయనా. కళ్ళలో ఏదో పడింది."

"సరే సరే. జబ్బు తెలిసింది కాబట్టి మందు సులువు. రేపటికి నేర్పేస్తా. నువ్వే అనుకోవాలి బావా. తలుపెయ్యగానే, నీలో నువ్వే, రైట్. ఏదీ, ఒకసారి అను."

"నేనా?"

"నువ్వే."

"నా నోటితోనా?"

"అద్దె నోరు దొరకదుగా. అను."

"నాకు నేను చెప్పుకుంటే చెల్లుతుందిట్రా? ఎవరి పెళ్ళికి వాళ్ళే మంత్రాలు చదువుకున్నట్టు."

"చెల్లుతుంది. అను."

"రై..."

"ట్."

"రైట్."

"ఎవరింట్లోనో దొంగతనానికెళ్ళినట్టు అంటావేంటి? గట్టిగా."

"రైట్."

"కొంచెం విసుగుండాలి. పొద్దుట్నుంచీ నిలబడ్డవాడి విసుగు. రైయ్య్ట్."

"విసుగు లేకుండా రైట్ అంటే బండికి తెలుస్తుందా?"

"జనానికి తెలుస్తుంది."

"నా వల్ల కాదురా. నా గొంతు నాకే కొత్తగా ఉంది. ఎవడో బండెక్కి నా వెనకాల కూర్చున్నట్టుంది."

"సర్లే. దిగులు పడకు. ఫోనులో సున్నా వస్తే వచ్చింది. ఆ ఆట చేసినవాడికేం తెలుసు డ్రైవింగు? మలుపు తిప్పడంలో నిన్ను మించినవాడు డిపోలో లేడు. వాడి ఆటలో మలుపులన్నీ సబ్బుబిళ్ళ జారినట్టే ఉంటాయి కాబోలు."

"లేదు లేదు. ఆ మాట అనకు. మలుపులు బ్రహ్మాండంగా పెట్టాడు. మంచు కొండ మీద పాము మలుపొకటుంటుంది చూడు, అబ్బ. ఎడం పక్క లోయ. టైరు అంచు గాల్లో ఉంటుంది. ఆ క్షణంలో బ్రేకు మీద కాలు పెట్టావా, పోయావంతే. పెట్టకుండా, ఊపిరి బిగబట్టి, స్టీరింగు నిండా తిప్పి వదిలెయ్యాలి. అలా దాటితే ఆఖర్న బంగారు హారన్ ఇస్తాడు. దాని మోత వినాలిరా."

"ఎలా ఉంటుంది?"

"ఏనుగు తుమ్మినట్టు ఉంటుంది. నాకు వచ్చిన..."

"నీకు?"

"నాకు... నచ్చింది అంటున్నా."

"బావా, మంచు కొండ ఎన్నో స్టాపు?"

"ఏ మంచు కొండ?"

"ఇప్పుడు చెప్పావుగా."

"ఆఖర్న వస్తుందిట. ఎవరో చెప్పారు."

"ఎవరు?"

"పాప ఆడుతుంటే చూశా."

"పాపకి కళ్ళు పాడవుతాయని నువ్వు ఫోను ముట్టనివ్వట్లేదని అక్క నిన్నే మొత్తుకుంది."

"పాపంటే మా పాప కాదు. పక్కింటి పాప."

"పక్కింట్లో ఉన్నది పంతులుగారు. ఆయనకి డెబ్బై ఏళ్ళు. మొదటి స్టాపే దాటలేదన్నావు కదా బావా?"

"టీచరమ్మా, మీ గోళీల ఆట ఎంతవరకొచ్చింది?"

"నా గోళీలు ఎక్కడికీ పోవులే నాయనా. వాడడిగినదానికి జవాబు చెప్పు. నా ఎదురుగా ఇలా నసిగిన పిల్లల్ని చాలామందిని చూశాను."

"చెప్పు బావా. అంతా అబద్ధమేనా?"

"అంతా కాదు. మొదటి రోజు నిజంగానే ఆగిపోయాను. నువ్వు రైట్ అంటావనే చూశా. నీ మీద ఒట్టు. సున్నా వచ్చింది. మర్నాడు రోషమొచ్చింది. పళ్ళు బిగించి కదిలా. ఆ స్టాపు, ఈ స్టాపు, వాన, వంతెన, కొండ, అన్నీ దాటేశా. అయిదుకి అయిదు చుక్కలు. బంగారు హారన్ ఇచ్చారు."

"మరింకేం? రేపు పాసైనట్టే."

"హారన్ మోగించి, చూశావట్రా అని వెనక్కి తిరిగా. గోడుంది. మీ అక్క చీపురు ఆనించి ఉంది దానికి. ఎంత చేసినా చెప్పుకోడానికి ఎవడూ లేడు. అప్పుడే అనిపించింది."

"ఏమనిపించింది?"

"ఈ పరీక్ష మనకొద్దులే అని."

"అంటే రేపు..."

"రేపేముంది? సారు ఎక్కుతాడు. గీత మీద గీతలా మొదటి స్టాపులో ఆపుతా. తలుపేస్తా. ఉంటా."

"అంటే నాయనా, కాలు పడదని సారుకి చెప్పబోయే అబద్ధాన్ని ఇవాళ మా మీద వల్లె వేశావన్నమాట."

"టీచరు దగ్గర వల్లె వేస్తే తప్పులు దొరుకుతాయి కదమ్మా. దొరికింది."

"నీకేమైనా పిచ్చా బావా? కొత్త బండి."

"సీటు మరీ మెత్తన. నిద్రొస్తుంది."

"హారన్?"

"వినసొంపుగా ఉంది. వినేవాడు నిలబడి వింటాడు గానీ పక్కకి తప్పుకోడు."

"ఏసీ."

"నాకు జలుబు."

"ఎండాకాలంలో జలుబేంటి బావా?"

"నీకు దగ్గు లేదూ? నాకు జలుబు. వినరా. నువ్వు లేని బండి నాకొద్దు. అది ఎంత కొత్తదైనా సరే. వెనకాల నువ్వు ఎవడితోనో చిల్లర కోసం పోట్లాడుతుంటేనే నాకు దారి తిన్నగా కనిపిస్తుంది. అంతే. ఇంక నన్ను అడక్కు. ఏంటి, ఏడుస్తున్నావా?"

"దగ్గు."

"గొడుగుల మధ్య కూర్చుంటావా వెధవా? నీ మోకాళ్ళకి నూనె రాస్తుంది మీ అక్క. నిలబడు."

"అక్కకేం చెప్తాం బావా? వీధి వీధంతా చెప్పేసింది కదా."

"మీ తమ్ముడు సరిగ్గా నేర్పలేదంటా."

"నాయనలారా, మీ ఇద్దరి ఆటా బాగుంది, పాటా బాగుంది. నాకు కడుపు నిండిపోయింది. కానీ ఒక్క విషయం. మనమేం డిపోలో లేము. నడిరోడ్డు మీద, స్టాపులో ఉన్నాం. నేనెక్కినప్పుడు వేసిన తలుపు వేసినట్టే ఉంది. ఒకసారి వెనక్కి చూడండి, బస్సు నిండా జనం, అందరి నెత్తిమీదా ఎర్రటి పొగలొస్తున్నాయి."

"అయ్యో. ఎంతసేపైంది? బావా, నువ్వెందుకు కదల్లేదు?"

"నువ్వనందే ఎలా కదులుతా? నువ్వెందుకు అనలేదు?"

"నువ్వు కథ చెప్తున్నావుగా మరి."

"చాలు చాలు, మళ్ళీ మొదలెట్టకండి. మీవల్ల కాకపోతే నేనే అంటాను. నా గొంతుకి బడి బడంతా కదిలేది. రైట్, రైట్."

"అయిపోయింది బావా, టీచరమ్మ చెప్పేశారు. ఇంక పోనీ."

"ఎవరు పడితే వాళ్ళంటే కదలడానికి ఇది గేమ్ కాదురా. నువ్వను."