తేలవలసిన తాడు

నా పేరు మైలపల్లి పద్మకుమారి. భర్త పేరు ధనరాజ్. వయసు నలభై ఏడు సంవత్సరాలు. పదో తరగతి వరకు చదివాను. మేము రాజాంలో ఉంటున్నాము. మా ఆయన పుట్టింది సముద్రం ఒడ్డున ఉన్న ఇసుకలపాలెంలో. చేపల వేట మానేసి రాజాం వచ్చి తాళ్లు, టార్పాలిన్లు అమ్మే దుకాణం పెట్టారు. దుకాణం లెక్కలు, బిల్లులు, ప్రభుత్వానికి పంపే కాగితాలు అన్నీ నేనే చూస్తాను. దానికి జీతం లేదు కాబట్టి వృత్తి దగ్గర గృహిణి అని రాయమన్నాను.

ఈ రోజు, 2025 జనవరి 7, మంగళవారం, మేజిస్ట్రేట్ గారి ఎదుటికి నా అంతట నేను వచ్చాను. నేను చెప్పేది నా భర్తకు నష్టం కలిగించవచ్చని, చెప్పి తీరాలన్న బలవంతం లేదని అయ్యగారు ముందే హెచ్చరించారు. అర్థమైంది. అయినా చెబుతాను.

2023లో తుపాను షెల్టర్లు చూసే ప్రభుత్వ ఆఫీసు నుంచి మా దుకాణానికి రేటు కాంట్రాక్టు వచ్చింది. తుపాను షెల్టర్లకు కావలసిన సామాన్లన్నీ ఒక షెడ్యూలులో ఉంటాయి. ఏ వస్తువు ఎలా ఉండాలో, ఎంత రేటో అందులోనే రాసి ఉంటుంది. గడువు ఉన్నంతకాలం ఆ రేటుకే ఇవ్వాలి. ఆఫీసు వాళ్లు మళ్లీ టెండరు పిలవకుండా వరుస సంఖ్య వేసి ఆర్డరు పంపుతారు. షెడ్యూలులో ఉన్న రకం దొరక్కపోతే వేరే రకం ఇవ్వడానికి ముందుగా రాతపూర్వకంగా అనుమతి తీసుకోవాలి. ఇది నేను చదివాను. మా ఆయనకు చదివి వినిపించాను.

2024 సెప్టెంబరులో అరవై చుట్టల తాడుకు ఆర్డరు వచ్చింది. నీళ్లలో పడినవాళ్లకు ఒడ్డు నుంచి విసిరే తాడు అది. షెడ్యూలులో మందం, పొడవు రాసి, కింద "నీటిపై తేలవలెను" అని ఉంది. తేలే తాడు విశాఖపట్నంలో మేము కొనే చోట అప్పుడు లేదు. వచ్చే నెలలో వస్తుందన్నారు.

మా ఆయన ఆగలేదు. "తుపాను మన షెడ్యూలు సూసుకుని వస్తాదేటి?" అన్నారు. నైలాన్ తాడు తెచ్చారు. అది తేలదు. దాని ధర తేలే తాడు కంటే ఎక్కువ. షెడ్యూలు రేటుకే ఇచ్చారు కాబట్టి ఆ సరుకులో మాకు నష్టమే వచ్చింది. బిల్లులు జతపరిచాను. లాభం కోసం రకం మార్చారని ఎవరైనా అంటే అది అబద్ధం.

తాడు ఇంటికి వచ్చిన రోజు నేను అడిగాను.

"తేలాలని రాసుంది కదండీ?"

"నీటి మీద తేలేది తాడేటే, ఎండుగడ్డి. మా అయ్య లంగరుకి కట్టినాది ఈ తాడే. ఏనుగుని కట్టు, తెగదు."

"షెడ్యూలులో ఉంది మరి."

"రాసినోడు సముద్రం ఎప్పుడు సూసినాడే? మనోళ్ల పానాలకి కట్టే తాడు. నాసిరకం ఎలా ఇస్తాను?"

వేటకు వెళ్లేవాళ్లకు మునిగే తాడే మంచి తాడు. లంగరు తాడు మునగాలి, వల అడుగు తాడు మునగాలి. తేలే తాడంటే తేలిక సరుకని మా ఆయన ఇంట్లో చిన్నప్పటి నుంచీ విన్నారు. విసిరే తాడు సంగతి వేరని ఆయనకు తట్టలేదు. నాకూ తట్టలేదు. కాగితంలో ఉంది కాబట్టి అడిగాను, అంతే.

ఆఫీసు స్టోరులో పనిచేసే శివాజీ గారికి మా ఆయన నా ఎదుటే ఫోను చేశారు. "మంచిదే ఇస్తన్నారు గదా, మల్లీ కాగితమెందుకు?" అని శివాజీ గారు అన్నారు. సరుకు దింపిన రోజు నేనూ వెళ్లాను. శివాజీ గారు మందం కొలిచారు, పొడవు కొలిచారు, చుట్టను కాటా మీద పెట్టారు. ఉండవలసినదానికంటే బరువు ఎక్కువ చూపింది. "బరువుంది, బాగుంది" అని సంతకం పెట్టారు. బరువు ఎందుకు ఎక్కువుందని అక్కడ ఎవరూ అనుకోలేదు. నీళ్లలో వేసి చూడలేదు. ప్రతి చుట్టకు ఉన్న ట్యాగు మీద షెడ్యూలు వరుస సంఖ్య, "తేలే రకం" అన్న మాట నా చేత్తో రాసినవే.

గోపి మా ఆయన అక్క గురమ్మ గారి కొడుకు. ఇరవై నాలుగేళ్లు. ఇసుకలపాలెంలో వేటకు వెళ్లేవాడు. నన్ను అత్తా అని, మా ఆయనను మావ అని పిలిచేవాడు. రాజాం వస్తే మా ఇంట్లోనే భోజనం. "మావా, నీ దుకానంలో తాళ్లన్నీ ఆవులకే గాని మడుసులకి ఒకటీ లేదు" అని ఆటపట్టించేవాడు. షెల్టరుకు తాళ్లు ఇచ్చాక, "ఇదిగో, నీ కోసమే తెచ్చాన్రా" అని మా ఆయన వాడికి చూపించారు.

డిసెంబరు 3 ఉదయం ఏరు సముద్రంలో కలిసే మొగ దగ్గర గోపి వెళ్లిన పడవ తిరగబడింది. పడవలో ముగ్గురు. ఇద్దరు ఈదుకుని వచ్చారు. పడవ అంచు తగిలి గోపి కాలు విరిగింది. ఊరి షెల్టరులో ఉన్న మా తాడు తెచ్చి నాగబాబు విసిరాడు. నాగబాబు గోపి స్నేహితుడు. గోపి బయటికి రాలేదు. మర్నాడు దొరికాడు.

నేను అక్కడ లేను. విన్నది విన్నట్టు చెబుతున్నాను.

ఆఫీసు నివేదికలో మూడుసార్లు తాడు విసిరారని, మృతుడు పట్టుకోలేదని, మద్యం తాగి ఉండవచ్చని రాశారు. ఆ మాట ఊరంతా పాకింది. గోపి తాగి వేటకు వెళ్లాడన్నారు. ఆ రోజు తెల్లవారి గంజి తాగి వెళ్లాడు. ఆ గంజి పోసింది గురమ్మ గారే.

పెద్దకర్మ నాడు నాగబాబు గోడవారగా కూర్చుని ఉన్నాడు. మంచినీళ్లు ఇవ్వడానికి వెళ్లాను. తల ఎత్తకుండానే చెప్పాడు.

"తాడు ఆడి పక్కనే పడ్డాదత్తా. మూడుసార్లూ పక్కనే పడ్డాది. పడ్డాది పడ్డట్టే కిందకెల్లిపోనాది. ఆడు నీటి మీద సేత్తో ఎతుకుతన్నాడు. ఇక్కడే పడ్డాది గదా అని ఎతుకుతన్నాడు."

నేను ఇంటికి వచ్చి మా దుకాణంలో మిగిలిన ముక్క బకెట్టులో వేశాను. మునిగింది. మా ఆయన వెనక నిలబడి చూశారు. "మంచి తాడే ఇచ్చాను" అన్నారు. ఆ తరువాత చాలా రోజులు అన్నం దగ్గర కూర్చుని అదే మాట అన్నారు. మంచి తాడే ఇచ్చాను. మంచి తాడే ఇచ్చాను. తినేవారు కాదు.

గురమ్మ వదిన ఇసుకలపాలెం నుంచి బస్సులో మా ఇంటికి వచ్చేవారు. వచ్చినప్పుడల్లా తమ్ముణ్ణి ఒకటే అడిగేవారు.

"ఒరే ధనా, తాడు దగ్గరకే ఎల్లిందంట గదరా. ఎందుకు పట్టుకోలేదురా ఆడు? ఆడి సెయ్యి గట్టిదే గదా. చిన్నప్పుడు నా జుట్టు పట్టుకుంటే వదిలించలేకపోయేదాన్ని. సెయ్యి గట్టిదే గదా."

మా ఆయన లేచి పెరట్లోకి వెళ్లిపోయేవారు.

జనవరి 3 శుక్రవారం శివాజీ గారు మా ఇంటికి వచ్చారు. కాఫీ ఇచ్చాను, తాగలేదు. "పై నుంచి తనిఖీకి వస్తన్నారక్కా. నలభై చుట్టలు ఇంకా స్టోర్లోనే ఉన్నాయి. షెల్టర్లకి ఎల్లినవి ఎనక్కి రప్పిస్తాను. సోమవారం బండి పంపుతాను. తేలే తాడు అరవై చుట్టలు ఎక్కించీయండి. ట్యాగులు మాత్రం నువ్వే రాయాల. పాత రాతకి కలవాల గదా" అన్నారు.

"మరి గోపి?" అన్నాను.

"ఆడు పోనాడక్కా. ఉన్నోలం మనం" అన్నారు. ఆయన చెడ్డవాడు కాదు. ఆయనకు ఇద్దరు ఆడపిల్లలు.

తేలే తాడు అప్పటికి విశాఖపట్నంలో దొరుకుతోంది. మా ఆయన శనివారం వెళ్లి తెచ్చారు. ఖాళీ ట్యాగులు, పెన్ను తెచ్చి నా ముందు బల్ల మీద పెట్టారు. నా మొహం చూడలేదు. నేను రాయలేదు. ట్యాగులు మారిస్తే అరవై చుట్టలూ తేలతాయి. గోపి ఒక్కడే చేతికొచ్చిన తాడు వదిలేసినవాడుగా మిగిలిపోతాడు.

ఆదివారం ఉదయం గురమ్మ వదిన వచ్చారు. మళ్లీ అదే అడిగారు. నేను ఆమెను పెరట్లోకి తీసుకెళ్లాను. నీళ్ల తొట్టె దగ్గర రెండు తాళ్లూ పెట్టాను. మా ఆయన ఇచ్చింది ఏదో, ఇవ్వవలసింది ఏదో చెప్పాను. రెండూ ఆమె చేతికే ఇచ్చాను. ఆమె ఒకదాని తరువాత ఒకటి నీళ్లలో వేశారు. ఒకటి పైనే ఉంది. రెండోదాని కోసం చెయ్యి మోచేతి దాకా ముంచి పైకి తీశారు. మళ్లీ వేశారు. మళ్లీ తీశారు. నాగబాబు చెప్పిన మాట అప్పుడు చెప్పాను.

మునిగే తాడు తొట్టె గట్టు మీద పెట్టారు. తరువాత, "అయితే పట్టుకుందామనే సూసినాడు" అన్నారు.

మా ఆయన గుమ్మంలో నిలబడి ఉన్నారు. ఆమె ఆయనను తిట్టలేదు. దగ్గరకు పిలవలేదు. "ఆ మాట కాయితం మీద రాయించవే పద్మా. ఆడు తాగలేదని, పట్టుకుందామనే సూసినాడని" అని నాతో అని, బస్సుకు వెళ్లిపోయారు. తడిసిన చెయ్యి తుడుచుకోలేదు.

సోమవారం బండి వచ్చింది. ఖాళీగా తిప్పి పంపాను. మా ఆయన అడ్డు చెప్పలేదు. ఈ రోజు ఇక్కడ ఏం చెబుతానో నిన్ననే ఆయనకు చెప్పాను. "నేనూ వస్తాను" అన్నారు. ఇప్పుడు బయట బెంచీ మీద ఉన్నారు. నా తరువాత ఆయన చెబుతానంటున్నారు. ఇద్దరం కూడబలుక్కుని చెబుతున్నది కాదు. ఆయన ఏం చెబుతారో నాకు తెలియదు.

పైదంతా నాకు చదివి వినిపించారు. ఒక చోట "మృతుడు తాడు పట్టుకోలేకపోయాడు" అని టైపు చేశారు. నేను అలా చెప్పలేదు. "తాడు గోపికి అందలేదు" అని మార్చమని అడిగాను. మార్చారు. ఇప్పుడు ఉన్నది నేను చెప్పినదే, నాకు తెలిసినంతవరకు నిజం. ఇందులో నేను దాచినది లేదు, కలిపినది లేదు.

(సంతకం)
మైలపల్లి పద్మకుమారి