గడియారం తలుపు వెనక

ఊళ్లో ఎవరింట్లో పాత వస్తువు కనిపించినా ఫోటో తీసి రిజిస్టరులో ఎక్కించడం తమ్ముడికి పిచ్చి. నాన్న పోయిన రోజు నుంచీ ఆగిపోయి ఉన్న గోడ గడియారాన్ని బాగుచేసి, అక్క ముందు పెట్టాడు.

“వారం రోజులు దీంతోనే కూర్చున్నానక్కా. ఇక నిమిషం తేడా రాదు.”

“బావుందిరా. తలుపు వెనక నాన్న రాతలేవీ?”

“ఏ రాతలు?”

“నూనె వేసినప్పుడల్లా పెన్సిల్‌తో తారీఖు వేసేవాడు కదరా. పక్కనే ఇంటి సంగతి ఒకటి రాసేవాడు. నీ మొదటి పన్ను ఊడిన రోజు కూడా అందులోనే ఉండేది.”

“జిడ్డు పట్టి నల్లగా ఉంటే మురికనుకున్నా. ఉప్పుకాగితంతో రుద్ది పాలిష్ పెట్టేశాను.”

“చేతులారా గీకి పారేశావన్నమాట. పోనీ, ఫోటో ఏదీ? ఎవరిదైనా ముట్టుకోకముందే లోపలా బయటా తీస్తావుగా. పక్కింటివాళ్ల తక్కెడ మీద గీతలు కూడా వదల్లేదు నువ్వు.”

“దీనికి తీయలేదక్కా.”

“ఏం?”

“మనింటిదే కదా, ఎక్కడికి పోతుందిలే అనుకున్నా.”

అక్క గడియారం తలుపు బార్లా తెరిచింది.

“ఇప్పుడు తియ్యి. అద్దంలా మెరుస్తోంది. అందులో నీ మొహం కూడా పడుతుంది.”