చిటికెడు మేత

భీమవరం. వెనక గదిలో, జబ్బు చేసిన సముద్రపు చేపని ఉంచిన చిన్న గాజు తొట్టి ముందు, నీళ్ళు పరీక్షించే గొట్టం పట్టుకుని సూర్యతేజ, గుమ్మంలో అతని భార్య మంజుష. పక్కన వంటింట్లో అతని తల్లి జానకీదేవి.

“మళ్ళీ ఆకుపచ్చే.”

“సరిగ్గా చూడండి. ఉండండి, లైటు వేస్తాను.”

“లైటు వేస్తే రంగు మారుతుందా మంజుషా? పసుపు రావాలి. పసుపొస్తే నీళ్ళు బావున్నట్టు. ఇది చూడు, అరటాకు రంగు.”

“నిన్న సాయంత్రమే కదండీ సగం నీళ్ళు మార్చారు?”

“మార్చాను. మొన్నా మార్చాను. తెల్లారేసరికి అమోనియా మళ్ళీ పైకి పోతోంది. దాని మొప్పలు చూడు, ఎలా కొట్టుకుంటున్నాయో.”

“అయ్యో, పైకొచ్చి నోరు తెరుస్తోంది.”

“దీని జోడీ కూడా ఇలాగే తెరిచింది. తెరిచి తెరిచి పోయింది.”

“పోనీ హాల్లో పెద్ద తొట్టిలో వేసెయ్యండి. అక్కడ నీళ్ళు బావున్నాయిగా.”

“ఒంటి మీద ఆ తెల్లచుక్కలు కనపడట్లేదా నీకు? అందులో వేస్తే ఉన్న చేపలన్నిటికీ అంటుకుంటుంది. అందుకే కదా దీన్ని విడిగా పెట్టి రాగి మందు వేస్తున్నది.”

“అక్కడ రాని అమోనియా ఇక్కడెందుకొస్తోంది?”

“అక్కడ రాళ్ళున్నాయి, ఇసకుంది. వాటికి పట్టుకుని కంటికి కనపడని పురుగులుంటాయి, అవి అమోనియాని తినేస్తాయి. ఇక్కడేముంది? ఒట్టి గాజు, ఒక స్పాంజి ముక్క. ఆ ముక్క ఎంతని లాగుతుంది?”

“దానికి మందు లేదా మరి? ఊరినిండా చెరువుల మందుల షాపులే కదా.”

“ఉంది. అదీ, ఈ రాగి మందూ కలిస్తే చేపకి విషం. రాగి తీసేస్తే చుక్కలు చంపుతాయి. ఉంచితే అమోనియా చంపుతుంది. నీళ్ళు మార్చడం, మేత తగ్గించడం. ఇంకేం లేదు నా చేతిలో.”

“మేత తగ్గించారుగా.”

“పొద్దున్నొక చిటికెడు, అంతే. మరి అడుగున ఈ మేతెక్కడిది?”

“ఏ మేత?”

“ఇదుగో, ఈ మూల. తినకుండా వదిలేస్తే నాని బూజు పట్టింది. ఇది కుళ్ళితే అమోనియా కాక అమృతం వస్తుందా?”

“పైపు ఇటివ్వండి, నేను లాగేస్తాను.”

“లాగడం సంగతి కాదు. ఎవరు వేశారు?”

“సత్యవాణి వేసిందేమో. ఊడుస్తూ ఊడుస్తూ.”

“సత్యవాణి కూతురి పురిటికని జంగారెడ్డిగూడెం వెళ్ళిందని నువ్వే చెప్పావు. పని మానేసి వారమవుతోంది.”

“అవును కదూ.”

“ఇంట్లో ఉన్నది ముగ్గురం.”

“ఊఁ.”

“ఊఁ అంటావేంటి?”

“ఏం లేదండీ. టీ పెట్టనా?”

“టీ వద్దు. ఈ డబ్బా చూడు. మొన్న నేనే సీలు తీశాను. అప్పుడే సగానికి దిగిపోయింది.”

“ఏంట్రా తేజా, పొద్దున్నే ఆ అరుపులు? టిఫిన్ చేశావా?”

“చేశానమ్మా. నువ్వే కదా పెసరట్టు పెట్టావు.”

“అల్లం సరిపోయిందా?”

“సరిపోయింది. ఇలా రా అమ్మా, ఈ రంగు చూడు.”

“చెప్పులు విప్పాలా? పూజ గదికి కూడా ఇంత మడి లేదు మనింట్లో.”

“పర్లేదు రా. అమోనియా తగ్గట్లేదమ్మా.”

“అమోనియానా? మేత ఎక్కువవుతోంది.”

“విన్నావా మంజుషా? చూడగానే చెప్పింది.”

“చూడగానే ఏముందిరా, రొయ్యల చెరువుల గట్ల మీదే వయసంతా పోయింది నాకు. మీ నాన్నగారు అమ్మకాలు చూసుకునేవారు, మేత నాది. మేత వేసి నీళ్ళలోకి దింపిన ట్రే పైకి లాగి చూసేదాన్ని. అందులో గింజ మిగిలిందా, మర్నాడు మేత కోత. ఆ చిట్టియ్య ఉండేవాడు చూడు, గుప్పెడు ఎక్కువేసేవాడు. ఏంట్రా అంటే, జాలేసిందండీ అనేవాడు. నీ జాలికి చెరువు చస్తుందిరా అని గట్టు మీద నిలబెట్టి కడిగేసేదాన్ని.”

“ఇక్కడా ఎవరో జాలిపడుతున్నారమ్మా.”

“ఎవరు?”

“అదే అడుగుతున్నాను.”

“నన్ను చూస్తావేంటి? నేనసలీ గది గుమ్మం తొక్కను. నీ పెళ్ళాన్ని అడుగు. పట్టిసీమ పిల్లకి చెరువుల సంగతి ఏం తెలుస్తుందిలే, గోదాట్లో చేపకి మేత ఎవరు వేస్తారు?”

“అత్తయ్యగారూ, పొయ్యి మీద పోపు మాడుతున్నట్టుందండీ.”

“పోపా? పెట్టానా నేను? పెట్టలేదనుకున్నానే... ఉండు, చూస్తాను.”

“చూశావా మంజుషా? ఎప్పటి చిట్టియ్యో, వాడి మాటతో సహా గుర్తుంది అమ్మకి.”

“అవునండీ. పాతవన్నీ గుర్తే.”

“అంటే?”

“ఏం లేదు.”

“ఏం లేదు, ఏం లేదు. ఇందాకట్నుంచీ ఇదే మాట. సూటిగా అడుగుతున్నాను, నువ్వు వేస్తున్నావా?”

“డబ్బా ఇవాళ్టి నుంచి నా బీరువాలో పెట్టి తాళం వేస్తాను.”

“నేనడిగింది అది కాదు.”

“చేప బతకడం కావాలా, పేరు కావాలా మీకు?”

“పేరు కావాలి. నీళ్ళు మోసి మోసి నడుం పోయింది నాకు. ఉప్పు కలిపి, వేడి చూసి, మళ్ళీ మందు కొలిచి... ఒకటి చచ్చిపోయింది, ఇది చావబోతోంది. ఎవరి వల్లో తెలియాలి.”

“నేనే.”

“నువ్వా?”

“నేనే వేశాననుకోండి.”

“అనుకోవడమేంటి? వేశావా, లేదా?”

“వేశాను. ఆకలేస్తోందేమో అనిపించింది, వేశాను. తెలిసింది కదా, ఇంక వదిలెయ్యండి.”

“ఎన్నిసార్లు?”

“ఏమో. గుర్తులేదు.”

“గుర్తులేదా! మనిషివేనా నువ్వు? నేనిక్కడ కూర్చుని దాని ఒంటి మీద చుక్కలు లెక్కపెట్టుకుంటుంటే, నా వెనకాల నువ్వు... పైగా అడిగితే ఊళ్ళో లేని సత్యవాణి మీదకి తోస్తావా?”

“మెల్లిగా అనండి. వంటింట్లోకి వినపడుతుంది.”

“వినపడనీ. అమ్మకీ తెలియాలి.”

“వద్దండీ. ఆవిడకి తెలియక్కర్లేదు. మీకు దణ్ణం పెడతాను.”

“ఏంటర్రా ఆ గొడవ? తేజా, ఇంకా టిఫిన్ చెయ్యవేంట్రా? పెసరట్టు పిండి అలాగే ఉంది.”

“చేశానమ్మా. ఇందాక చెప్పానుగా.”

“సరే, జరుగు. పొద్దున్నుంచీ దీన్ని పట్టించుకున్నవాళ్ళు లేరు, చూడు పాపం, నోరెలా తెరుస్తోందో. డబ్బా ఏది? కిటికీలో పెట్టానే.”

“నువ్వు పెట్టావా అమ్మా?”

“మరెవరు పెడతారు? మీరిద్దరూ ఎవరి ఫోన్లో వాళ్ళుంటారు. ఇదుగో, నీ చేతిలోనే ఉంది. ఇలా ఇయ్యి.”

“అమ్మా, ఇప్పుడే కదా నువ్వు... మేత ఎక్కువవుతోందని...”

“ఎవరన్నారు? చిట్టియ్యా? వాడి మాట వినకు, గుప్పిళ్ళతో కుమ్మరించేది వాడే. నేనైతే చిటికెడే. అవునూ, రెండోది ఏదిరా? రెండుండాలి కదా.”

“అది... హాల్లో తొట్టిలో వేశానమ్మా.”

“మంచిపని చేశావు. అయితే దానికీ వెయ్యాలి.”

“అత్తయ్యగారూ, మీరు ముందు అట్టు వెయ్యండి. ఆయన తిన్నాక ఇద్దరూ కలిసి వేద్దురుగాని.”

“అదీ నిజమే. త్వరగా రా తేజా, చల్లారితే బావుండదు.”

“వస్తున్నానమ్మా.”

“ఏమండీ. అలా నేల మీద కూలబడకండి, తడిగా ఉంది.”

“ఎప్పట్నుంచి?”

“చేపలు రాకముందు నుంచే. మొన్న మీకు రెండుసార్లు టిఫిన్ పెట్టారు. మీరు ఫోన్ చూసుకుంటూ రెండుసార్లూ తినేశారు.”

“నాకు చెప్పచ్చుగా.”

“ఒకసారి చెప్పబోయాను. మా అమ్మని అంత మాటంటావా అని నాతో మాటలు మానేశారు.”

“రాజమండ్రిలో ఎవరికైనా చూపిస్తే?”

“చూపిద్దాం.”

“తగ్గుతుందా?”

“నన్నడిగితే నేనేం చెప్పనండీ.”

“తేజా! ఎక్కడున్నావురా? అట్టు పళ్ళెంలో పెట్టేశాను!”

“వస్తున్నానమ్మా! మంజుషా...”

“ఊఁ.”

“ఇందాక నువ్వే వేశానన్నావు కదా. ఇంకోసారి అను. నమ్మేస్తాను.”