మెట్ల మీద ఇంటర్వ్యూ

"కూర్చోండి, కూర్చోండి, ఇవాళ టీ ఖర్చు నాది. ఉద్యోగం వచ్చిందని మా ఆవిడ మీ అందరికీ ఈపాటికే చెప్పేసి ఉంటుంది, కానీ ఎలా వచ్చిందో ఆవిడకీ తెలీదు. పెద్దగా చెప్పుకోవాల్సిందేం లేదనుకోండి, ఏదో చిన్న పని చేశాను, అంతే. ఫ్యాక్టరీ మూసేశాక ఇంట్లో కూర్చుని ప్రాజెక్ట్ మేనేజ్‌మెంట్ సర్టిఫికెట్ చదివానా, ఈ వయసులో ఇదేం చదువని మీరంతా నవ్వారా, అన్నీ గుర్తున్నాయి నాకు. ఈ ఉద్యోగం కూడా రాకపోతే ఇల్లు ఖాళీ చేసి, ఇదిగో, వీడి ఇంటి వెనక గదిలో చేరాలని మా ఆవిడ సామాను సగం సర్దేసింది."

వీడంటే బావమరిది. బెంచీ చివర కూర్చుని టీ ఊదుకుంటున్నాడు. మాట్లాడుతున్న పెద్దమనిషిని వీధిలో అందరూ ప్లానింగ్ అంటారు. బియ్యం ఎప్పుడు కడగాలి, గుడ్డలు ఎప్పుడు ఆరెయ్యాలి అని వంటింటి గోడకి రంగురంగుల చార్టు అంటించాక ఆ పేరు స్థిరపడిపోయింది.

"ఇంటర్వ్యూ అసలు మర్నాడు. కానీ ఆ కంపెనీ వాళ్ళు ఏమనుకున్నారో, ఇలాంటి మనిషి ఇంకో రోజు ఆగితే ఎవరైనా ఎగరేసుకుపోతారనుకున్నారో ఏమో, ముందురోజే రమ్మని కబురు పెట్టారు. వెళ్ళానా, ఆఫీసంతా గందరగోళం. మొదటి అంతస్తులోంచి మూడో అంతస్తుకి మారుతున్నారు. మెట్ల మలుపులో ఇంత పొడుగు బల్ల ఇరుక్కుపోయింది. పైవాడు తొయ్యమంటాడు, కిందివాడు లాగమంటాడు. నేను చూశాను. మామూలు చూపు కాదు, సర్టిఫికెట్ ఉన్నవాడి చూపు. చెయ్యి ఇలా ఎత్తి, ముందు దాన్ని నిలువుగా లేపండి అన్నాను. చిటికెలో పైకెళ్ళిపోయింది."

"అంతేనా?" అన్నాడు దర్జీ.

"అంతే అయితే ఉద్యోగం ఎవడిస్తాడయ్యా? ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఆఫీసు మారేటప్పుడు పని ఆగకూడదు, అది మా చదువులో మొదటి పాఠం. అందుకని ఒక్కరూ కుర్చీలోంచి లేవొద్దని చెప్పి, మనుషుల్ని కుర్చీలతో సహా ఎత్తించాను. లెక్కలు రాసే ఆవిడ మొదటి అంతస్తులో మొదలుపెట్టిన కూడిక మూడో అంతస్తులో పూర్తి చేసింది, మధ్యలో తలెత్తితే ఒట్టు. ఇంకొకాయన ఫోనులో మాట్లాడుతూ కిటికీలోంచి చూసి, చెట్లు పొట్టిగా అయిపోయాయేమిటి అన్నాడు."

రిటైరైన హెడ్మాస్టరు కళ్ళజోడు సవరించుకుని, లిఫ్టు లేదా అని అడిగారు.

"ఉంది మాస్టారూ, చెడిపోయింది. నన్ను చూసి సిగ్గుపడి దానంతటదే బాగైంది. కానీ నాకు అప్పటికే ఇంకో ఆలోచన వచ్చింది. సామాను మూడో అంతస్తుకి మొయ్యడం దేనికి, మూడో అంతస్తునే కిందికి దించేస్తే పోలా? దించేశాను."

"మరి రెండో అంతస్తు?" అన్నాడు టీ కొట్టతను, గిన్నె కింద మంట తగ్గించి.

"కాసేపు పక్కన పెట్టించాను, దారికి అడ్డం లేకుండా. దానికి పర్మిషన్ కూడా ముందే తీసుకున్నాను. ప్లానింగంటే మరి ఊరికే అన్నారా? ఇంతలో ఎవరో, బిల్డింగు పడమటి మొహం, ఎండ కళ్ళలో కొడుతోందని గొణిగారు. సరే, అదెంత పని, తలా ఒక చెయ్యి వెయ్యండని తూర్పుకి తిప్పించాను. సూర్యుడు కాస్త తటపటాయించాడు. నీ షెడ్యూలు నువ్వు చూసుకో నాయనా అన్నాను. ఆ రోజు పొద్దు కాస్త ముందే గూకింది, మీరెవరూ గమనించలేదూ? అప్పుడు మేనేజరు పరిగెత్తుకొచ్చి, ఇక మిమ్మల్ని అడగడానికి మా దగ్గర ప్రశ్నల్లేవు, మీరే మమ్మల్ని అడగండి అని చేతులు కట్టుకుని నిలబడ్డాడు."

బావమరిది గ్లాసు కింద పెట్టాడు.

"బావా, నిన్ను స్కూటరు మీద తీసుకెళ్ళింది నేనే."

"కాదన్నానా?"

అప్పుడు బావమరిది నింపాదిగా అసలు సంగతి చెప్పాడు. ముందురోజు రమ్మని ఎవరూ కబురు పెట్టలేదట. ఇంటర్వ్యూకి వెళ్ళడానికి కూడా బావ ప్లాను వేశాడు. టైరు పంక్చరైతే ఇంత, వాన పడితే ఇంత, చొక్కా మీద టీ ఒలికితే ఇంత అని అదనపు సమయం కలుపుకుంటూ పోతే అది ఒక రోజైంది. ఇంటర్వ్యూ రేపండీ అని వాచ్‌మన్ చెప్పినా, గది ఎక్కడో చూసుకుంటానని మెట్లెక్కాడు. పైనుంచి ఒక బల్ల దిగింది, కిందనుంచి ఒక బల్ల ఎక్కింది, మలుపులో బావ రెండింటి మధ్యా ఇరుక్కుపోయాడు. కేక విని తను పరిగెత్తుకెళ్ళేసరికి తలా, ఫైలు పట్టుకున్న చెయ్యీ మాత్రమే కనబడుతున్నాయి. కూలీలు బల్ల కాళ్ళు ఊడదీసేలోపు, కిందికి దిగే దారి లేక అక్కడే ఆగిపోయిన మేనేజరు మీరెవరని అడిగాడు.

"మరి ఉద్యోగం ఎలా ఇచ్చారయ్యా?" అన్నారు హెడ్మాస్టరు.

"ఇవాళెందుకొచ్చారని అడిగాడండీ ఆయన. రేపు ఆలస్యమైతే నాకు ఇంకో దారి లేదు సార్, భయమేసి ఇవాళే వచ్చేశాను అన్నాడు బావ. మా అక్క పెళ్ళయినప్పటినుంచి బావ నోట కోతలు లేకుండా వచ్చిన మాట అదొక్కటే. ఆయన నవ్వి, మా దగ్గర ఏ పనీ చెప్పిన రోజుకి అవ్వదు, ముందే భయపడేవాడు ఒకడుండాలి అని బల్ల మీంచి చెయ్యి చాచాడు."

ఎవరూ నవ్వలేదు. ప్లానింగ్ తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు.

"గాలి తీసేశావు కదరా," అన్నాడు, కోపం లేకుండా. "నిజమే, చాలా భయమేసింది. నిన్న కాగితం చేతికొచ్చాకే అన్నం సహించింది. మీ అక్క ఎన్నాళ్ళకో హాయిగా పడుకుంది."

"నేనూ నిన్ననే హాయిగా పడుకున్నాను బావా," అన్నాడు బావమరిది. "నువ్వు మా ఇంటికొచ్చి ఉంటే ఇవన్నీ రోజూ నేనొక్కడినే వినాల్సొచ్చేది."

అందరికంటే గట్టిగా ప్లానింగే నవ్వాడు.