టవర్ కింద ఎద్దు

కౌతాళం దగ్గరి ఒక ఊళ్లో సిద్దప్ప పశువుల కొట్టం. సిద్దప్ప, అతని భార్య ఈరమ్మ, ఆదోని నుంచి వచ్చిన పశువుల డాక్టరు యశోద.

“ఆ సూది లోపల పెట్టు డాక్టరమ్మా. నిన్ను పంపినోళ్లెవరో ముందు సెప్పు.”

“సెప్తాను సిద్దప్పన్నా. ముందు ఎద్దు తల పట్టుకో. ఒళ్లంతా గడ్డలు, జరం కాలిపోతాంది.”

“టవరోళ్లు పంపినారా? తిమ్మన్న చేన్లో సెల్ టవర్ లేచినాకే నా ఎద్దుకు గడ్డలు లేచినాయి. రేడియేషన్ అది! కాయితం మీద రాసియ్యి, టవర్ పీకిస్తాను.”

“ఇది లంపీ రోగమన్నా. వైరస్. ఈగలు, దోమలు మోసుకొస్తాయి.”

“రేడియేషన్‌తో ఒంట్లో సత్తువ పోతే వైరస్ ఎక్కదా? ఫోన్లో చూసినాను.”

“ఏ టవర్ సిగ్నల్‌తో చూసినావు?”

“...మాట తిప్పొద్దు.”

“తిప్పను. ఎక్స్‌రే లాంటి గట్టి రేడియేషన్ మోతాదు మించి తగిలితే ఒళ్లు నీరసపడి రోగం ముదురుతాది, నిజమే. సెల్ టవర్‌ది ఆ రకం కాదు.”

“ఆళ్లు నేర్పిచ్చిన మాటే!”

“తిమ్మన్న ఎద్దు ఆ టవర్ కిందనే కట్టేసి ఉంది. వచ్చేటప్పుడు చూసినాను. ఒక్క గడ్డ లేదు.”

“దానికేం మందు పెట్టినారో!”

“టీకా ఏసినాం. దీనికి ఏయించినావా?”

“ఏయించినా.”

“టీకా ఏసినప్పుడు చెవికి కుట్టే బిళ్ల లేదే?”

“ఊడిపోయింది.”

“బెజ్జం కూడా పూడిపోయిందా?”

“అదంతా నీకెందుకు?”

“ఆయన సెప్పడు, నేను సెప్తా డాక్టరమ్మా. వీళ్లిద్దరికీ చెరో ఎద్దే. రెండూ కలిపి కాడి కట్టి రెండు చేన్లూ దున్నుకుంటాండిరి. టీకా దినం తిమ్మన్న రెండింటినీ తోలుకపోయినాడు. టవర్ గురించి ఇద్దరికీ అప్పటికే మాటా మాటా పెరిగింది. ఈయన పోయి సూది పడకముందే మా ఎద్దును ఇప్పుకొచ్చినాడు.”

“నువ్వు ఊరుకో ఈరమ్మా! ఆళ్ల సూదిలో ఏముందో ఎవరికి తెలుసు?”

“తర్వాత ఎవరి ఎద్దుతో జోడు కట్టినావన్నా?”

“మాధవరంలో మా బామ్మర్దిది.”

“దానికి గడ్డలున్నాయా?”

“ఒకటో రెండో. దోమకాటు అనుకున్నాం.”

“అదిప్పుడు ఎట్లుంది?”

“...పోయినవారం సచ్చిపాయ.”

“అన్నా! ఇదన్నా దక్కాలంటే తల పట్టుకో.”

“పట్టుకున్నా. బతుకుతాదా అమ్మా? నాకు బయమైతాంది.”

“టయానికే వచ్చినాను, బతుకుతాది. కదలనియ్యొద్దు... ఆఁ, అయిపోయింది.”

“సరే, ఇప్పుడన్నా సెప్పు. టవరోళ్లే గదా పంపింది?”

“తిమ్మన్న. పొద్దున్నుంచి మూడుసార్లు ఫోన్ చేసినాడు. ‘నా పేరు సెప్పొద్దు మేడం, సెప్తే వాడు సూది ఏయనియ్యడు’ అన్నాడు.”