ఫిన్నీ బండికి టర్బో తీసేసిన వైనం

హరనాథ్ కారు బుధవారం మధ్యాహ్నం ఖఫ్జీ రోడ్డు మీద నీలం పొగ కక్కి ఆగిపోయింది. ఇంజనులోకి గాలిని గట్టిగా ఊది తోసే టర్బో విరిగింది. ఆ ముక్కలు లోపలికి పోయి ఇంజనునే పాడుచేశాయి. బండిని లారీకి కట్టి దమ్మామ్ లాక్కొచ్చి ఫ్లాటు ముందు నిలబెట్టారు.

హరనాథ్ కువైట్ సరిహద్దు పక్కనున్న ఖఫ్జీలో సైట్ ఇంజనీరు. వారానికి మూడుసార్లు మూడొందల కిలోమీటర్లు పోయి రావాలి. కారు లేకపోతే అక్కడి క్యాంపులోనే ఉండిపొమ్మని కంపెనీ చెప్పేసింది. అంటే అతని భార్య నాగమల్లేశ్వరి ఇక్కడ ఫ్లాట్లో ఒక్కతే ఉండాలి. ఆమెకు తెనాల్లో ఉన్నప్పుడే డ్రైవింగు వచ్చు. కానీ సౌదీలో ఆడవాళ్లని నడపనివ్వరు. రెండువేల ఏడు నాటి మాట ఇది.

అలాంటి టర్బో ఇంజను ఎక్కడా దొరకలేదు. టర్బో లేని మామూలు ఇంజను పెట్టించుకోమని కొందరన్నారు, పెడితే బండి పాడైపోతుందని కొందరన్నారు. ఎవరి మాట వినాలో తెలియక, శుక్రవారం భోజనాలయ్యాక హరనాథ్ ఆదాముని పిలిపించాడు. ఆదాముది రాజోలు అవతల పల్లె. స్పేర్ పార్టుల గోడౌనులో స్టోర్ కీపరు. అతనితోపాటు ఖాదర్ మొహిద్దీన్ కూడా వచ్చాడు. అతను కడప మనిషి, ఖఫ్జీకి సామాను లారీ తోలతాడు. ముగ్గురూ నీడపట్టున మెట్ల మీద కూర్చున్నారు. నాగమల్లేశ్వరి టీ గ్లాసులు అందించి, గడప దగ్గరే తనూ కూర్చుంది.

“మామూలు ఇంజను పెట్టచ్చా అని అడుగుతున్నారా?” ఆదాము గ్లాసు పక్కన పెట్టాడు. “పెట్టచ్చా ఏంటండి, పెట్టాను. లీల సిస్టర్ లేదూ, రాస్ తనూరాలో నర్సు? ఆవిడ భర్త ఫిన్నీది అచ్చం మీ బండేనండి. రెండేళ్ల కింద దానికీ ఇలాగే టర్బో పోయింది. ముగ్గురు మెకానిక్కులు చూసి పెదవి విరిచేశారు. ఫిన్నీ మొహం చూడలేకపోయాను. ‘ఒరే, టర్బో లేని ఇంజను తెచ్చి పెట్టేద్దాం, నేనున్నాను’ అన్నాను. ఒక్క శుక్రవారం పనండి. పొద్దున్నే విప్పాను, సాయంత్రం మసీదులో బాంగు వినపడేసరికి బండి రోడ్డు మీదుంది.”

“ఒక్క రోజులోనా?” అన్నాడు హరనాథ్.

“ఒక్క రోజంటే, మధ్యలో బిర్యానీ తిని గంట పడుకున్నాను కూడానండి.”

“ఇంజను యాడ దొరికిందబ్బా?” అన్నాడు ఖాదర్.

“తష్లీలో. పాత బళ్లు విప్పి అమ్ముతారు చూడు, అక్కడ. మూడొందల ఇంజన్లు పడున్నాయి ఎండలో, మనుషులు పడుకున్నట్టు. కొట్టువాడు యెమెనీ, ‘ఏది కావాలో ఏరుకో’ అన్నాడు. ఏరుకోడం ఎలాగండి, పైకి అన్నీ ఒకేలా ఉంటాయి. నేనేం చేశాననుకున్నారు? వేలు మడిచి ఒక్కోదాన్నీ టకటకా కొట్టి, చెవి ఆనించి విన్నాను. బావుంటే ఒక మోత, లోపల అరిగిపోతే ఇంకో మోత. రెండొందల పద్నాలుగోదాని దగ్గర ఆగిపోయాను. ‘ఇది’ అన్నాను. ఆ యెమెనీ నా వంక చూసి, ‘నువ్వు డాక్టరువా?’ అని అడిగాడు.”

“అరబ్బీలో?” అన్నాడు ఖాదర్.

“అరబ్బీలోనే. నాకు అర్థమయ్యేలా నెమ్మదిగా అడిగాడులే. సరే, తెచ్చాం. ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఇంజను పైకెత్తే చైను బ్లాకు కావాలిగదా, అది తెస్తానన్నవాడు రాలేదు. ఇంక చూసుకోండి, బండి నోరు తెరుచుకునుంది, ఇంజను కింద ఉంది. నేను ఒక తాడు తెచ్చి కట్టి, రెండో కొస భుజానికి చుట్టుకుని ఒక్క ఊపు ఊపానండి. గాల్లోకి లేచింది. లేచాక సరిగ్గా అప్పుడే తాడు తెగింది.”

“అయ్యో!” అంది నాగమల్లేశ్వరి.

“అయ్యో ఏంటమ్మా, పడనిచ్చానా? ఒడిసిపట్టాను. నూటేభై కిలోలు, చంటిపిల్లని ఎత్తుకున్నట్టు ఎత్తుకున్నాను. ఫిన్నీ కంగారుపడి టీ తెచ్చాడు. ఎడం చేత్తో ఇంజను పట్టుకుని కుడి చేత్తో టీ తాగాను. వేడిగా ఉందండి, ఊదుకుంటూ తాగాల్సొచ్చింది. అదే ఆలస్యం.”

ఖాదర్ తలొంచుకుని గ్లాసులోకి చూశాడు. హరనాథ్ నవ్వలేదు. రేపు పొద్దున ఎనిమిదింటికి సైట్లో ఉండాలన్నది అతని మొహంలో కనపడుతూనే ఉంది.

“బోల్టులు బిగిద్దామనుకునేసరికి ఇసక తుఫాను లేచిందండి. అలాంటి తుఫాను నేను మళ్లీ చూళ్లేదు. నా చెయ్యి నాకే కనపడ్డం లేదు. ఇంకోడైతే గుడ్డ కప్పి లోపలికి పోతాడు. నేను కళ్లు మూసుకున్నాను. మూసుకుంటే ఇంకా నయం, ఇసక పడదు. వాసన చూసి బోల్టులు పట్టుకున్నాను. ఇంజను బోల్టుది ఒక వాసన, గేరుబాక్సుదింకో వాసన. అరవై నాలుగు బోల్టులు! తుఫాను ఆగేసరికి అరవై నాలుగూ బిగిసున్నాయి. ఆ తర్వాత ఏమైందో తెలుసా? తాళం ఫిన్నీ జేబులో ఉంది, ఫిన్నీ ఇంట్లో ఉన్నాడు. నేను ఊరికే బోనెట్టు మీద చెయ్యేసి ‘ఏమ్మా?’ అన్నాను. స్టార్టయిపోయింది!”

“తాళం లేకుండానా?” అన్నాడు హరనాథ్.

“ఇంజను కొత్తిల్లు చూసి సంబరపడిందండి, ఏం చెప్పమంటారు. ఎక్కాను. ఊరికే సందు చివరిదాకా చూద్దామని తొక్కితే ఖఫ్జీ వచ్చేసింది. నలభై నిమిషాలు! ఏసీ కూడా వేసుకునే ఉన్నాను. వెనక పోలీసు బండి బయల్దేరిందిట, నేను ఖఫ్జీలో టీ తాగి, ముఖం కడుక్కుని, తల దువ్వుకున్నాక వచ్చాడు. లైసెన్సు అడుగుతాడనుకున్నాను. అడగలేదు. బోనెట్టు చూపించి ‘మిన్ సవ్వా హాదా?’ అన్నాడు. ఎవరు చేశారిది, అని. నేనే అన్నాను. టోపీ తీశాడండి!”

“కువైట్‌లోకి పోలేదా మరి?” అన్నాడు ఖాదర్.

“పోయాను. అదే చెప్తున్నా. ఖఫ్జీలో బ్రేకు తొక్కితే కువైట్‌లో ఆగింది. వీసా లేదు. అక్కడి వాళ్లు తుపాకులు ఎత్తేలోపు తిప్పేశాను. తిరిగొచ్చేటప్పుడు ఇంకా నయం, రోడ్డు ఖాళీ. దమ్మామ్ ఎయిర్‌పోర్టు పక్కకొచ్చేసరికి పైన విమానం దిగుతోంది. సరే, చూద్దాం నువ్వో నేనో అనుకున్నాను. తొక్కాను. విమానం ముందు, నేను వెనక. ఇంకాస్త తొక్కాను. ఇద్దరం సమానం. కిటికీల్లోంచి జనం చేతులూపుతున్నారు. ఇంక ఆఖరికి కాలు కిందిదాకా అదిమేశాను. అప్పుడు ఆ టర్బో ఈల వేసింది చూశారూ, పైలెట్ రెండు చెవులూ మూసుకుని...”

“ఏ టర్బో, అన్నయ్యగారూ?” అంది నాగమల్లేశ్వరి.

ఆదాము చేతులు రెండు చెవుల దగ్గర అలాగే ఆగిపోయాయి.

“టర్బో తీసేశామన్నారుగా. ఈల వేసింది ఏ టర్బో?”

ఖాదర్‌కి పొలమారింది. టీ చొక్కా మీద పడింది. అతను లేచి అవతలికి పోయి గోడ పట్టుకుని నవ్వాడు. ఆదాము చేతులు దించి, గ్లాసు తీసుకుని చూశాడు. అందులో టీ అయిపోయింది.

నాగమల్లేశ్వరి మాత్రం నవ్వలేదు. “ఈయన రేపణ్ణించి ఖఫ్జీలో ఉండిపోతే నేను ఈ నాలుగ్గోడల మధ్య ఉండాలి, అన్నయ్యగారూ. విమానం సంగతి నాకొద్దు. ఫిన్నీగారి బండి ఇప్పుడు నడుస్తోందా, లేదా? అదొక్కటీ చెప్పండి.”

ఆదాము ఖాళీ గ్లాసు మెట్టు మీద పెట్టాడు. మళ్లీ మొదలెట్టినప్పుడు గొంతు సగానికి తగ్గింది.

“నడుస్తోందమ్మా. రెండేళ్లుగా రోజూ లీలని డ్యూటీకి దింపుతోంది.”

“మార్చింది మీరేనా?”

“అబ్దుల్ ఘనీ. సనాయాలో, అదే ఆ మెకానిక్కుల పేటలో, షెడ్డుంది. పాకిస్తానీ, పెద్దాయన. నేను బోల్టులు డబ్బాల్లో వేసి, ఏది ఎక్కడిదో చీటీలు రాసి అంటించానండి.”

“ఎన్ని రోజులు పట్టింది?”

“తొమ్మిది. ఇంజను రెండు రోజుల్లో కూర్చుంది. కానీ స్టార్టవ్వలేదు. ఘనీ భాయ్ తల పట్టుక్కూర్చున్నాడు. లీల ఆ తొమ్మిది రోజులూ టాక్సీల్లో తిరిగింది.” ఆదాము తల గోక్కున్నాడు. “టర్బో ఇంజనుకి ఒక కంప్యూటరుంటుందండి, మామూలు దానికి ఇంకోటి. మేం ఇంజను మార్చాం, కంప్యూటరు పాతదే వదిలేశాం. నా గోడౌన్లో రెండిటి నంబర్లూ వేరుగా ఉండడం చూశాను. మళ్లీ తష్లీకి పోయి, ఆ ఇంజను ఏ బండిలోంచి తీశారో అదే బండి కంప్యూటరూ వైరింగూ విప్పించి తెచ్చాను. అది మాత్రం నిజంగా నేనేనండి.”

“ఇప్పుడెలా ఉంది?” అన్నాడు హరనాథ్.

“స్పీడు లేదు. ఫ్లైఓవరు ఎక్కేటప్పుడు ఏసీ ఆపుకోవాలి. అంతే.”

హరనాథ్ భార్య వంక చూశాడు. ఆమె తలూపింది.

“రేపటికి మాత్రం అవదండి,” అన్నాడు ఆదాము. “ఈసారి అన్నీ ఒకే బండివి తెస్తాం కాబట్టి ఘనీ భాయ్‌కి ఐదారు రోజులు చాలు.”

ఖాదర్ చొక్కా దులుపుకుంటూ వచ్చాడు. “ఆ వారం నా లారీలో రాండి సార్. నేను రోజుమార్చి రోజు పొయ్యేది ఖఫ్జీకే గదా. రాత్రికి ఇంటికాడ దించుతా.”

అలాగే జరిగింది. ఆ వారం హరనాథ్ లారీలో వెళ్లొచ్చాడు. ఆదాము రోజూ డ్యూటీ అవగానే షెడ్డుకి పోయి చీటీలు రాశాడు. ఘనీ ఏడో రోజు మధ్యాహ్నం తాళం తిప్పితే ఇంజను రెండుసార్లు దగ్గి అందుకుంది. అతను గుడ్డతో చేతులు తుడుచుకుంటూ, “స్టోర్‌వాలా, ఇస్ బార్ తూనే కామ్ కియా,” అన్నాడు. ఈసారి పని చేసింది నువ్వే, అని. ఆదాముకి ఆ మాట రెండుసార్లు చెప్పించుకోవాలనిపించింది గాని అడగలేదు.

ఆ సాయంత్రం నలుగురూ బండి ఎక్కారు. హరనాథ్ నడిపాడు, పక్కన ఆదాము, వెనక నాగమల్లేశ్వరి, ఖాదర్. ఫ్లైఓవరు మొదట్లో హరనాథ్ ఏసీ ఆపి అద్దాలు దించాడు. పక్కనుంచి ఒక సిమెంటు లారీ హాయిగా దాటిపోయింది. బండి మూలుగుతూ పైకి పాకింది. పైకొచ్చాక వేడిగాలి కొట్టింది, దూరంగా సముద్రం కనపడింది.

“ఎంతలో పోతున్నాం, అన్నయ్యగారూ?” అంది నాగమల్లేశ్వరి, గాలికి చున్నీ పట్టుకుని.

ఆదాము మీటరు మీదికి వంగి చూశాడు. “డెబ్బై అమ్మా,” అన్నాడు.

“యాభై ఎనిమిది,” అన్నాడు హరనాథ్.